మొలల ఆపరేషన్‌కు బాలింత పథ్యం

టేక్మాల్‌ల మా తమ్ముని పెండ్లి చూసుకొని మెదక్‌కు మళ్లొస్తున్నం. బస్సుల ఎనుక సీటు దొరికింది. ఆ తొవ్వ ఎరికైనోళ్లకు చెప్పే పని లేదు, గుంత గుంతకు మనిషి లేచి కూలబడుడే. మెదక్ బస్టాండ్‌ల దిగి నడుస్తుంటే మా అత్త ఎస్తేరమ్మ నా ఎనుకకు వచ్చి, "సువార్తా, కొంగు ఎనుకకు కప్పుకో బిడ్డా" అని చెవుల చెప్పింది. చీరెకు రక్తం అంటింది. నెలసరి జర ముందుగాల వచ్చిందేమో అనుకున్న. మా అత్త గూడ గదే అనుకున్నది. ఇంటికి పోయి చూసుకుంటే నెలసరి కాదు, రక్తం దొడ్డికి పోయే జాగ నుంచి వస్తున్నది. ఆ ముచ్చట మా అత్తకు చెప్పలే. ఎట్ల చెప్పాల్నో తెల్వలే.

నేను ఇంట్లనే బట్టలు కుడుత. మా ఆయన కట్టె పని చేస్తడు, కుర్చీలు, బల్లలు, బీరువాలు. నా మిషన్ కిటికీ పక్కకు ఉంటది. క్రిస్మస్ దగ్గరికొస్తే, పెండ్లిళ్ల కాలం వస్తే, పొద్దుగాల కూసున్నదాన్ని పొద్దు మీకినంకనే లేస్త. ఆ దినాలల్ల మా ఇంట్ల లెట్రిన్ లేదు. మా వాడల ఎవ్వలింట్ల లేదు. ఆడోళ్లం తెల్లారకముందు ఒకసారి, చీకటి పడ్డంక ఒకసారి చెంబు పట్టుకొని బయటికి పోవాలె. నడుమ వస్తే ఆపుకునుడే. ఆపుకునే బాధ ఎందుకని నీళ్లే తక్కువ తాగేదాన్ని. మూడో కాన్పు అయినప్పటి సంది శెనగ గింజంత గడ్డ కడుక్కునేటప్పుడు చేతికి తగిలేది. పనిల పడి మర్చిపోయేదాన్ని.

గింజ కాస్త పెద్దగైంది. దొడ్డికి కూసుంటే బయటికి వచ్చుడు, వేలితోని లోపలికి నూకుడు. మిషన్ మీద ఒక్క దిక్కుకు ఒరిగి కూసునుడు మొదలుపెట్టిన. గోడ పక్కింటి ఖాజాబీ గాజులు అమ్ముతది. పగటీలి నా దగ్గర కూసొని ముచ్చట చెప్తుండేది. "క్యా సువార్తమ్మా, గట్ల వంకరగ కూసున్నవేంది?" అని అడిగింది. నడుము నొప్పి అన్న. మా ఆయన నేను చాటుకు ఉతికే గుడ్డలు చూసిండు. "ఏందే గిది?" అన్నడు. ఆయన మొఖం చూసుకుంట చెప్పలేక, అటు తిరిగి గోడకు చెప్పిన. ఆయన ఇని, లేచి పనికి పోయిండు.

ఒక ఆదివారం చర్చిల నిలబడి పాట పాడుతుంటే కండ్లకు చీకట్లొచ్చినయి. పక్కన ఉన్న మా అత్త పట్టుకోకుంటే అక్కడనే పడిపోయేదాన్ని. తెల్లారి మా ఆయన పని బందు పెట్టి నన్ను దవాఖానకు తీస్కపోయిండు.

డాక్టరమ్మ గుంటూరు దిక్కు ఆమె. పక్కకు తిరిగి మోకాళ్లు కడుపుల పెట్టుకొమ్మన్నది. ప్రాక్టోస్కోప్ అని సల్లటి గొట్టం పెట్టి చూసింది. నేను కొంగు నోట్ల కుక్కుకున్న, నొప్పికి కాదు, సిగ్గుకు. "థర్డ్ డిగ్రీ పైల్స్ అమ్మా. ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది. మూడో పిల్ల పుట్టినప్పటి సంది అన్న. పిల్ల బడికి పోతున్నది అప్పటికే. వేలు పొడిచి రక్తం తీసి చూసిండ్రు, హీమోగ్లోబిన్ మస్తు తక్కువ ఉన్నదన్నరు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నావు తల్లీ. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె అమ్మా?"

"నోటితో చెప్పాలి" అని నవ్వింది డాక్టరమ్మ. నాకు నవ్వు రాలే.

ముందుగాల రక్తం పడేటందుకు ఐరన్ గోలీలు ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ అన్నరు. ఇంటికొచ్చినంక మా అత్త బియ్యం ఏరుకుంట, "డాక్టరమ్మ ఏమన్నదిరా?" అని కొడుకును అడిగింది. ఆయన దూలం దిక్కు చూసుకుంట, "లోపల గడ్డలున్నయంట. కోసి తీస్తరంట" అన్నడు. "లోపల అంటె ఏడరా?" "లోపలనే అమ్మా" అని బయటికి నడిచిండు. మా అత్త నా దిక్కు చూసింది. నేను తల వంచుకున్న. బస్టాండ్ల చీరెకు రక్తం చూసిన మనిషి, చర్చిల కండ్లు తిరుగుడు చూసిన మనిషి, ఆమె లెక్క ఆమె కట్టుకున్నది. గర్భసంచి ఆపరేషన్ అని వాడంత చెప్పింది. మేమిద్దరం కాదనలే. కాదంటే మరి ఏందని అడుగుతది గద.

ఆపరేషన్ నాడు ఎనీమా ఇచ్చి, టేబుల్ మీద ముడుచుకొని పండుకోమని, ఎన్నుపూసల స్పైనల్ ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. నడుము కింద ఉన్నదంత నాది కాకుండ పోయింది. నొప్పి లేదు గాని కత్తెర చప్పుడు ఇనబడ్డది. నేను రోజు బట్ట కత్తిరించేదాన్ని, ఆ చప్పుడు నాకు అలవాటే. నన్నే కత్తిరిస్తుంటే ఇనాల్సొస్తదని అనుకోలే. నవ్వొచ్చింది, దాని ఎనుకనే ఏడుపొచ్చింది.

మొద్దు దిగినంక నొప్పి వచ్చింది. ముగ్గురిని కన్నదాన్ని, నాకు నొప్పి ఎరికె అనుకున్న. కాన్పు నొప్పి వస్తది, పోతది, నడుమ జర ఊపిరి తీసుకోనిస్తది. ఇది తీసుకోనియ్యది. నిప్పు మీద కూసోబెట్టి లేవనియ్యకుంటే ఎట్లుంటదో గట్ల. నేను పండ్లు కొరుక్కుంట కిక్కురుమనకుండ పండుకున్న. కరుణ సిస్టర్ అని మెదక్ పిల్లనే, నా దగ్గరికి వచ్చి చూసి, "ఎవ్వల మెప్పు కోసం అమ్మా, గట్ల పండ్లు కొరుకుతున్నవు? నొప్పి ఉన్నదంటే ఇంజెక్షన్ ఇస్త గద. చెప్పకుంటే నాకేమన్న కల పడుతదా?" అన్నది. పెథిడిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. నొప్పి పోలే, గాని ఎవ్వలో దాన్ని అవుతలి అర్రలకు తీస్కపోయి తలుపు దగ్గరేసినట్టైంది. ఆ ఇంజెక్షన్ రెండు దినాలే ఇస్తరంట, ఆ తర్వాత గోలీలు.

దవాఖానల ఉన్నన్ని దినాలు మంచిగనే గడిచింది. ఆ మాట ఎందుకు చెప్తున్ననంటే, ఈ నొప్పికి మందు లేదని అనుకునేటోళ్లు ఉంటరు. ఉన్నది. తెల్లటి ఏ.పీ.సీ. గోలీలు దినానికి మూడు మాట్ల, తిన్నంక. డాక్టరమ్మ నా మంచం కాడ నిలబడి చెప్పింది: "నొప్పి వచ్చాక వేసుకుందాం అనుకోవద్దు. నొప్పి ఉన్నా లేకపోయినా వేళకి వేసుకో. నొప్పి ముదిరాక గోళీ మింగితే, బస్సు వెళ్లిపోయాక స్టాండుకి పరిగెత్తినట్టు." రాత్రి పండుకునేటప్పుడు, మోషన్ మెత్తగ వచ్చేటందుకు లిక్విడ్ పారఫిన్ అని నూనె అసొంటి మందు. పొద్దుగాల, దొడ్డికి పోయినంక ప్రతీసారి, పెద్ద బేసిన్‌ల గోరువెచ్చటి నీళ్లు పోసి, చిటికెడు పొటాషియం పర్మాంగనేట్ వేసి, ఆ వంకాయ రంగు నీళ్లల్ల కూసోబెట్టేది కరుణ సిస్టర్. సిట్జ్ బాత్ అంటరంట. ఆ నీళ్లల్ల కూసుంటే కండ్లు మూతలు పడేటియి. మొదటిసారి మోషన్ అయినప్పుడు అరిచిన, గాని తట్టుకున్న. "మోషన్‌కి అరగంట ముందు గోళీ వేసుకో. మెత్తగా వస్తే భయం లేదు. గట్టిపడితేనే ముప్పు" అన్నది డాక్టరమ్మ.

ఇంటికి పంపేటప్పుడు మా ఇద్దరిని నిలబెట్టి మళ్ల చెప్పింది. నీళ్లు బాగా తాగాలె, ఆకుకూరలు, పండ్లు తినాలె, కారం, మసాలా, ఎండు మాంసం వద్దు. తెల్ల గోలీలు వేళకు. నొప్పి అస్సలు పట్టలేనప్పుడు వేసుకునేటందుకు కొన్ని కొడీన్ గోలీలు యేరే పొట్లంల ఇచ్చి, "ఇవి మోషన్‌ని బిగపట్టేస్తాయి. ఊరికే మింగొద్దు, మింగితే పారఫిన్ మానొద్దు" అన్నది. "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని అడిగింది. మా అమ్మ అన్నడు మా ఆయన. "అయితే ఇదంతా ఆవిడకి చెప్పు." ఆయన సరే అని తల ఊపిండు. ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్పింది ఒక్కటే మాట: "అమ్మా, జర మంచిగ అర్సుకో."

అర్సుకునుడు మా అత్తకు ఇంకోలు చెప్పాల్నా! మా వాడల ఏ ఇంట్ల కాన్పైనా ఎస్తేరమ్మనే పిలుస్తరు. బాలింతను నిలబెట్టుడంటే ఆమె తర్వాతనే ఎవ్వలైనా. ఆడదాని లోపల కత్తి పడ్డదంటే అది కాన్పు కంటె పెద్దదే అని ఆమె లెక్క. నేనొచ్చేసరికే మంచం కింద కుంపటి పెట్టి, వాము పొగ వేసి, నా చెవులకు గుడ్డ కట్టేటందుకు తయారుగ ఉన్నది. ఎల్లిగడ్డ కారం నూరింది. ఎండు మాంసం ఒట్టి తునకలు వేయించింది. తెల్లన్నం, దాని మీద కారం, దాని మీద నెయ్యి. ఆకుకూర సలువ, పెరుగు సలువ, పండు సలువ. నీళ్లైతె అస్సలుకే ముట్టనియ్యదు. "పచ్చి పుండు మీద నీళ్లు తాగితె చీము పడుతది పిల్లా" అని, కాగబెట్టిన నీళ్లు గుక్కెడు నాలుక తడుపుకునేటందుకు ఇచ్చేది. నన్ను చూడొచ్చినోళ్లు బాలింతకు తెచ్చినట్టు ఎండుకొబ్బరి కుడుకలు, చక్కెర తెచ్చిండ్రు. బిడ్డ లేని బాలింతనైన.

మీరంటరు, నీకు నోరు లేదా అని. ఉన్నది. కారం వద్దత్తా అంటే ఎందుకంటది. నీళ్లు కావాలత్తా అంటే ఎందుకంటది. ఆ ఎందుకుకు జవాబు ఒక్కటే ఉన్నది, అది నా నోట్లకెల్లి రాదు. కక్కలేక మింగలేక అంటరు గద, నేను మింగిన. పారఫిన్ సీస చూసి, "నూనె మందేంది? కడుపు జారుతది" అని ఆమె ఎత్తు గూట్ల పెట్టింది. నేను లేచి అందుకోలేను. తెల్ల గోలీలు చూసి, "దినాం గిన్ని మింగితె ఒళ్లు వేడి చేస్తది. నొప్పి లేసినప్పుడే వేసుకో" అన్నది. ఆ మాట నాకు గూడ మంచిగనే అనిపించింది. నొప్పి లేనప్పుడు గోలీ ఎందుకు ఖరాబు చేసుడు, దాచుకుందామనుకున్న. నొప్పి లేసేదాక ఆగి, లేసినంక తెల్ల గోలీ మింగేది, అది సాలకపోయేది. ఇగ కొడీన్ గోలీ మింగేది. దాంతోని నిమ్మళమైతుంటే అదే మంచి గోలీ అనుకున్న. బస్సు పోయినంక స్టాండుకు ఉరుకుడంటె గిదే గద అని తర్వాత తెలిసింది.

ఆ నడుమల మా ఆయన ఒకటి చేసుకొచ్చిండు. ఆయనకు మాట రాదు గాని చెయ్యి మంచిది. నేను కింద కూసోలేనని, బయటికి నడువలేనని, టేకు చెక్కతోని పొట్టి కుర్చీ చేసి, నడుమ గుండ్రంగ తొర్ర పెట్టిండు. తొర్ర అంచు చుట్టు చెయ్యి తిప్పితే ఒక్క పేడు తగల్లే, గంత నున్నగ చేసిండు. ఇంటి ఎనుక తడకలు కట్టి చాటు గూడ చేసిండు. కుర్చీకి గోనెసంచి కప్పి తెచ్చి, నా అర్ర ముందు పెట్టి, "అవసరముంటదని చేసిన" అని చెప్పి, ఇగ ఒక్క నిమిషం నిలబడలే, పోయిండు.

మా అత్త గోనె తీసి చూసింది. నాలుగు దిక్కుల తిప్పి చూసింది. "నా కొడుకు పని చూసినవా పిల్లా! ఎన్నాళ్ల సందో కుండకు కుదురు చెయ్యిరా అంటె ఇప్పటికి తెలివొచ్చింది" అని, తాగే నీళ్ల కుండ తెచ్చి ఆ తొర్రల కూసోబెట్టింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. మా ఆయన పొద్దుమీకి వచ్చి కుండను చూసిండు, నన్ను చూసిండు, పోయి కాళ్లు కడుక్కున్నడు. నేను మంచంల పండుకొని రోజంత ఆ కుండ దిక్కే చూసేదాన్ని. తాగొద్దన్న నీళ్లు నేను కూసోవాల్సిన దాని మీద ఉన్నయి.

దినాలు గడుస్తున్నయి గాని మోషన్ లేదు. కడుపు డప్పు లెక్క బిగుసుకున్నది. దొడ్డికి వస్తదేమోనన్న భయంతోని తిండి బందు పెట్టిన. తింటె గద వచ్చేది! మా అత్త ముద్ద నోటి కాడికి తెచ్చి, "ఒక్క బుక్క బిడ్డా, రక్తం పడుతది" అని బతిమిలాడేది. ఆమె కండ్లల్ల నీళ్లు. కారం ముద్ద మింగుకుంట నేను గూడ ఏడ్చేదాన్ని, ఇద్దరం ఒక్కదానికే ఏడుస్తున్నమని ఆమె అనుకునేది.

ఒకనాడు పొద్దుగాల ఆగలే. తడకల చాటుకు పోయి కింద కూసున్న. రాయి తీరు దిగింది. పుండు చినిగింది. నేను అరిచిన అరుపుకు ఖాజాబీ గోడ మీదికెల్లి తొంగి చూసి, "యా అల్లా!" అని ఉరికొచ్చింది. పాదాల దాక రక్తం. మా అత్త నన్ను ఎత్తుకున్నది. మా ఆయన రిక్షా తెచ్చిండు. కూసోలేను గద, సీటు మీద మోకాళ్లు ఆనిచ్చి, ఎనుకకు తిరిగి, రిక్షా టాపు పట్టుకొని పోయిన. బజార్ల జనమంత చూసిండ్రు. అప్పటికి సిగ్గు యాదికి లేదు.

డాక్టరమ్మ జైలోకెయిన్ జెల్లీ రాసి, ఇంజెక్షన్ ఇచ్చి, ఆయిల్ ఎనీమాతోని కడుపు కడిగింది. ఆ ముచ్చట ఎక్కువ రాయను. తర్వాత చేతులు కడుక్కొని వచ్చి, "ఏం తిన్నావమ్మా?" అని అడిగింది. నా కంటె ముందు మా అత్త చెప్పింది, పరీక్షల మంచిగ రాసిన పిల్ల చెప్పినట్టు: "ఎల్లిగడ్డ కారం, ఒట్టి తునకలు, నెయ్యి అమ్మా. నీళ్లు సుక్క ముట్టనియ్యలే. కుంపటి తియ్యలే. నా సొంత బిడ్డకు గూడ గింత చెయ్యలే."

"ఎందుకమ్మా?"

"గర్భసంచి ఆపరేషన్ గద."

డాక్టరమ్మ మా ఆయన దిక్కు చూసింది. ఆయన కిటికీల నుంచి బయటికి చూస్తున్నడు. నా దిక్కు చూసింది. నా మంచం మీదికి వంగి మెల్లగ అన్నది: "ఇంకోసారి ఇలా చినిగితే దారి మూసుకుపోతుంది. స్ట్రిక్చర్ అంటారు. మళ్లీ కొయ్యాలి, ఆ కోత ఈ కోత లాంటిది కాదు. ఆవిడకి నేను చెప్పగలను. కానీ నేను చెబితే ఇంటికెళ్లాక నువ్వు మళ్లీ మూగదానివే. చెప్పు, నేనిక్కడే ఉంటాను."

నేను మా అత్త చెయ్యి పట్టుకున్న. మళ్ల కోస్తరన్న మాట చెవులల్ల తిరుగుతున్నది. మిషన్ యాదికొచ్చింది, పిల్లలు యాదికొచ్చిండ్రు. "అత్తా, నాకు కోసింది గర్భసంచి కాదు. మొలలు. దొడ్డికి పోయే జాగల కోసిండ్రు" అన్న.

ఆమె తన చెయ్యి ఇడిపించుకున్నది. "పచ్చి పుండుకు కారం పెట్టిన నేను. నా చేతులతోని పెట్టిన. ఒక్క మాట అంటె నీ సొమ్మేం పాయెనే?" అన్నది. ఆ తర్వాత కొడుకు దిక్కు చెయ్యి చూపి, "వాడు చెప్పడు, మొగోడు. నువ్వు ఆడిదానివి గద!" అన్నది. కోపం వచ్చింది ఆమెకు. నా మీద అరువలే గాని, ఆ పూటంత నాతోని మాట్లాడలే.

ఇంటికొచ్చినంక ముందుగాల కుంపటి తీసి బయట పారబోసింది. తర్వాత కుండ దగ్గరికి పోయి నిలబడ్డది. కుదురు దిక్కు చూసింది, తడకల దిక్కు చూసింది. "అయ్యో నా దేవా! గిదా గిది?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. నవ్వు ఆగలే. నాకు ఆగలే. నవ్వితే పుండు గుంజుతున్నది, "అత్తా, నవ్వియ్యకు" అని బతిమిలాడుకుంట నవ్విన. ఆమె కుండ దించి, కుర్చీ తానే ఎత్తుకొని చాటుకు తీస్కపోయింది.

ఆనాటి సంది ఇల్లు మారిపోయింది. తోటకూర, పాలకూర, జామపండ్లు, జొన్న గటుక, పలుచటి సల్ల. చెంబు నిండ నీళ్లు తెచ్చి నా నెత్తి మీద నిలబడి, "తాగు. అడుగు కనబడాలె" అనేది. ముందుగాల తాగనియ్యనిది ఎంత గట్టిగనో, ఇప్పుడు తాగిపిచ్చుడు గూడ అంతే గట్టిగ. ఖాజాబీ ఇసబ్‌గోల్ తెచ్చి రాత్రి పూట నీళ్లల్ల కలిపి తాగుమన్నది, డాక్టరమ్మను అడిగితే మంచిదే అన్నది. మా ఇంట్ల గడియారం లేదు. గోలీలకు బడి గంట పెట్టుకున్నం. పొద్దుగాల బడి గంట కొడితే ఒకటి, సాయంత్రం బడి ఇడిచిన గంటకు ఒకటి, పండుకునే ముందు ఒకటి. గంట కొట్టిందంటె నొప్పి ఉన్నా లేకున్నా మా అత్త గోలీ పట్టుకొని ముందట నిలబడేది. "నొప్పి లేదత్తా." "నొప్పిని ఎవ్వలడిగిండ్రు? గంట కొట్టింది." కొడీన్ పొట్లం డాక్టరమ్మకు వాపస్ ఇచ్చినం.

గట్లనే అంత సాఫుగ పోలే. ఒకనాడు పరగడుపున గోలీ మింగితే కడుపుల మంట లేసి కక్కిన. ఆనాటి సంది గటుక తిన్నంకనే గోలీ. ఇంకోసారి రెండు దినాలు మోషన్ రాకపోతే భయంతోని మళ్ల తిండి తగ్గించిన. మా అత్త కనిపెట్టి, "మళ్ల మొదలుపెట్టినవా?" అని పారఫిన్ సీస తెచ్చి తాగిపిచ్చింది. డాక్టరమ్మ వారం వారం వేలు పెట్టి చూసేది. అది గూడ నరకమే, గాని ముందు గోలీ, జెల్లీ రాసుడు, ఊపిరి వదులుడు, గట్ల తట్టుకున్న. మూడు గోలీలు రెండైనయి, రెండు ఒకటైంది. ఆ ఒక్కటి గూడ మోషన్‌కు ముందే. ఒకనాడు చూసి, "దారి బాగానే ఉంది. ఇంక కొయ్యక్కర్లేదు" అన్నది. దవాఖాన వరండాల నేను మా అత్తను పట్టుకొని ఏడ్చిన.

ఇంకొక్క ముచ్చట చెప్పాలె. ఇంట్ల సిట్జ్ బాత్‌కు నీళ్లు కాచి ఇచ్చేది మా అత్తనే. ఒక మాపటీలి నేను బేసిన్‌ల కూసొని కండ్లు మూసుకున్న. ఆమె గడప మీద కూసొని నన్నే చూస్తున్నది.

"హాయిగ ఉన్నదా పిల్లా?"

"మస్తు హాయిగ ఉన్నదత్తా."

నీళ్లు సల్లారినయి, నేను లేచిన. ఆమె ఆ నీళ్లు పారబోసి, బేసిన్ కడిగి, మళ్ల వేడి నీళ్లు పోసింది. "నువ్వు లోపలికి పో. జర తడక దగ్గరికెయ్యి" అన్నది. నాకు సమజ్ కాలే. "నేను గూడ కూసుంట" అన్నది. "నీ మొగడు పుట్టినప్పటి సంది ఉన్నది నాకు."

మా ఆయనకు నెత్తి ఎంట్రుకలు తెల్లబడుతున్నయి అప్పటికే. అన్నేండ్లు ఆ మనిషి వాడల బాలింతలందరికి నీళ్లు కాచింది, వండి పెట్టింది, వాళ్ల నొప్పులు చూసింది. తనకొక్క బేసిన్ నీళ్లు పెట్టుకోలే. నేను తడక దగ్గరికేసి అవుతల నిలబడ్డ. లోపలికెల్లి "ఓ అవ్వా" అని ఒక్క ఊపిరి ఇనబడ్డది. నాకు దుఃఖం ఆగలే.

ఆ వారమే ఆమెను డాక్టరమ్మకు చూపించిన. ఈసారి అడిగితే జవాబు నేను చెప్పిన, ఆమె చెప్పింది, ఇద్దరం ఒకల మీద ఒకలం చెప్పినం. ఆమెది సెకండ్ డిగ్రీ అన్నరు. కోసే పని లేదు, నీళ్లు, ఆకుకూర, ఇసబ్‌గోల్, బేసిన్ సాలన్నరు.

ఇప్పుడు నేను మంచిగున్న. మిషన్ తొక్కుతున్న, మెత్త వేసుకొని కూసుంట, నడుమ నడుమ లేచి తిరుగుత. పక్కకు చెంబు నీళ్లుంటయి. ఇంటి ఎనుక తడకల జాగల మా ఆయన లెట్రిన్ కట్టించిండు. మొన్న ఏడుపాయల జాతర దినాలల్ల టేక్మాల్ పోతె బస్సంత జనం, మళ్ల ఎనుక సీటే దొరికింది. గుంత గుంతకు ఎగిరిన, ఏం కాలే. మా అత్త ఇప్పుడు గూడ కాన్పులకు పోతది. మంచం కింద కుంపటి పెట్టుడు మానలే గాని, బాలింతకు నీళ్లు తాగిపిస్తది. లోపలికి పోంగనే సిగ్గు లేకుండ మొదలు అడిగే మాట, "దొడ్డికి మంచిగైతున్నదా బిడ్డా?"

ఈ బాధ ఉన్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏ గోలీ ఎంత వేసుకోవాల్నో మీ డాక్టరు చెప్తడు, అది నేను చెప్పేది కాదు. మీకు ఇంట్ల వండి పెట్టేటామె ఎవ్వలో, దవాఖాన నుంచి వచ్చిన పూటనే ఆమెను కూసోబెట్టుకొని, కోసింది ఏ జాగలనో ఆ జాగ పేరు పెట్టి చెప్పుండ్రి. గోలీ వేళకు అందాల్నన్నా, నీళ్లు కడుపుల పడాల్నన్నా ఆమె చేతులనే ఉంటది.

ఇది రాసి మా అత్తకు సదివి వినిపించిన. ఆమె ముచ్చట ఉన్న కాడ ఆపి, "నీ పేరు తీసెయ్యాల్నా అత్తా?" అని అడిగిన. ఆమె బియ్యం ఏరుకుంట, తల గూడ ఎత్తకుండ, "ఎందుకు తీసుడు? ఎస్తేరమ్మకు గూడ ఉన్నదని రాయి. ఇంకొకామె చదివి నీళ్లు కాచుకుంటది" అన్నది.